అరువు కళ్లు

ఎల్మీనాను మనం కిందటివారం ఎక్కడ వదిలామంటే, రోండ్ దీవి చాటున లంగరు వేసిన ఓడ మీద, చేతిలో నెత్తుటి గుడ్డతో. ఆమె పక్కకు జరిపిన బాల్చీ కాలికి తగిలి మొగుడు, కెప్టెన్ రాయ్ బెతెల్, బోర్లా పడ్డాడు. నుదురు చిట్లింది. మామూలుగా ఓడలో ఒకడు పడితే మిగతావాళ్లు పగలబడి నవ్వుతారు, అది అక్కడి మర్యాద. ఓడలో ఉన్నది ముగ్గురే, ఆ వేళ ఎవరూ నవ్వలేదు. రాయ్ మేనమామ టైటస్, ఆ ఓడకు పెద్ద కళాసీ, మేనల్లుణ్ణి లేవదీసి కింద గదిలో పడుకోబెట్టి వచ్చాడు. బాల్చీని దాని చోట పెట్టాడు. ఎల్మీనా మొహంలోకి చూడకుండా, "మిట్టమధ్యాహ్నం ఎండ. ఎర్ర రంగు బాల్చీ. నట్టనడి దారిలో ఉంది అమ్మాయ్," అని మాత్రం అని మేకలకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

పాపం, ఆమె కొండ మనిషి. గ్రెనడా దీవి నడిబొడ్డున, మబ్బులు గుమ్మంలోకొచ్చి కూర్చునే ఊళ్లో పుట్టి, జాజికాయలు ఏరే షెడ్డులో పెరిగింది. ముప్పై దాటేదాకా సముద్రాన్ని కొండ మీద నుంచే చూసింది, ఎవరో ఆరేసి మర్చిపోయిన నీలం దుప్పటిలాగా. "ఎల్మీ, నీకింక మొగుడు దొరకడే, జాజికాయలతోనే కాపరం చేసుకో" అని షెడ్డులో ఆడవాళ్లు ఏడిపించేవాళ్లు. అలాంటిది బస్తాల కోసం లారీలో వచ్చిన ఒక కరియకూ దీవి కెప్టెన్ షెడ్డు గుమ్మంలో ఆగిపోయి, "ఈ పాడేదెవరు?" అని అడిగాడు. ఎర్రమట్టి బూట్లు, ఉప్పు పట్టిన చొక్కా, నిదానమైన మనిషి. మొహం చూసి కాదు, గొంతు విని ఆగాడు. ఆ సంగతి తలుచుకుని ఆమె ఎన్నిసార్లు మురిసిపోయిందో. మొహం చూసి ఆగే మగాళ్లు ఎప్పుడూ ఆమెకు ఎదురుపడలేదు మరి.

విండ్‌వార్డ్ అనే కరియకూ ఊళ్లో రాయ్ కట్టిన ఇంటికి ఇంకా పైకప్పు పడలేదు. అందుకని కొత్త కాపరం ఓడలోనే మొదలైంది. ఓడ కాపరం అంటే ఏమిటో పెళ్లికి ముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదనుకోండి. రొట్టెల పిండి కలిపే తొట్టంత వెడల్పున పడక. పక్కకు తిరగాలంటే మొగుణ్ణి లేపి ఇద్దరూ ఒకేసారి తిరగాలి. కూజా సగానికి మించి నింపకూడదు. గిన్నెలు ఉప్పునీళ్లతో తోమాలి, మంచినీళ్లు గొంతు తడుపుకోవడానికే. ఒళ్లు కడుక్కుంటే ఉప్పు మిగిలేది, జుట్టు చీపురుకట్టయింది. మోకాళ్లు కొంచెం వంచి నడవాలి, నిటారుగా నడిచిందా, ఓడే ఆమెను కూర్చోబెట్టేది. గోనెగుడ్డ చాటున బాల్చీ మీద కూర్చోవడం అలవాటయ్యేలోపు ఆమె కడుపు ఎన్ని పాట్లు పడిందో ఆడవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. తెరచాప అడుగున ఉండే అడ్డదూలం ఒకటి ఉంది. గాలి మారితే అది ఆ పక్క నుంచి ఈ పక్కకు ఊడ్చుకుంటూ వస్తుంది, తల వంచకపోతే తల ఉండదు. తాళ్లు లాగీ లాగీ అరచేతులు బొబ్బలెక్కాయి. బొబ్బలు పగిలితే జాజికాయ నూనె రాసుకునేది. ఆ వాసనకు ఇల్లు గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకునేది.

వాటన్నిటికన్నా ఆమెను చంపింది మాత్రం వస్తువుల గొడవ. ఆ ఓడలో ప్రతిదానికీ ఒక చోటుంది. నీళ్లు ముంచే సొరబుర్ర మేకుకే వేలాడాలి. కత్తి పిడి ఎడమవైపే ఉండాలి. పీట పీపాకు ఆనించే ఉండాలి. చెంచా జరిగినా రాయ్‌కు మొహం ఎర్రబడేది. పెళ్లి లేటయిన మగాడు, ఒంటరి కాపరంలో వచ్చిన చాదస్తం అనుకుని ఆమె సర్దుకుపోయింది.

ఇంకొకటి టైటస్ పాట. ఓడ కదిలితే చాలు, ముసలాయన ముందువైపు కూర్చుని రాగం తీసేవాడు. "కుడిచేతి పక్కన నల్లరాయి, ఇంకా దూరమే, ఇంకా దూరమే. ఎడమచేతి పక్కన జాలరి పడవ, ఇద్దరున్నారు, ఒకడికి టోపీ." జాజికాయలు ఏరేటప్పుడు తామూ పాడుకునేవాళ్లు కదా. పడవ వాళ్ల పని పాట ఇదేనేమో అనుకుంది. ఒకటి రెండుసార్లు తానూ గొంతు కలిపింది కూడా. టైటస్ ఆపేసి, ఆమెను వింతగా చూసేవాడు.

మర్నాడు పొద్దున చిన్న జల్లు పడి ఆగింది. తడి తెరచాపను చుట్టి ఉంచితే బూజు పడుతుందని టైటస్ దాన్ని పైకెత్తి గాలికి ఆరబెట్టాడు. లంగరు మీద నిలబడిన ఓడకు పైన చాప టపటపా కొట్టుకుంటోంది. ముందువైపు కట్టేసిన మేకలు చెవులు విదిలిస్తున్నాయి. కింద గదిలో పిండి బస్తాల మధ్య తెల్ల దుప్పటి కప్పి ఒక రాయి పడుకుని ఉంది. రూత్ అడీనా బెతెల్ సమాధి రాయి. రాయ్ తల్లి పేరే ఓడ పేరు కూడా. ఆవిడ పోయి ఏళ్లయింది, రాయి మాత్రం ఇన్నాళ్లకు కుదిరింది. ఆదివారం విండ్‌వార్డ్‌లో రాయి నిలిపే విందు. మేకలు అందుకే.

ఇసుక నింపిన పెట్టెలో కుంపటి రాజేసి ఎల్మీనా కోకో టీ కాస్తోంది. రాయ్ నుదుటికి గుడ్డ కట్టుకుని పైకి వచ్చాడు. వస్తూ వస్తూ మెట్టు అంచు తాకాడు, తాడు తాకాడు, పీపా మూత మీద వేళ్లు ఆనించాడు, చుక్కాని పక్క పలక మీద కూర్చున్నాడు. ఊరి జనంతో కలిసి తన చేత్తో కట్టిన ఓడ, ముద్దుచేసుకుంటున్నాడని ఎల్మీనా అన్నాళ్లూ అనుకునేది. ఆ పొద్దున అలా అనిపించలేదు. గరిటె కింద పెట్టింది. చెప్పులు విడిచింది. చప్పుడు కాకుండా వెళ్లి అతని ఎదురుగా, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నిలబడింది.

రాయ్ మొహం సరిగ్గా ఆమె వైపే ఉంది. చిన్నగా నవ్వుతున్నాడు.

"ఎల్మీ, మాడు వాసనొస్తోంది," అన్నాడు, కుంపటి వైపు తల తిప్పి.

ఆమె చెయ్యెత్తి అతని కళ్ల ముందు వేళ్లు విప్పింది. అందమైన కళ్లు అవి, నల్లగుడ్డు చుట్టూ పల్చని బూడిదరంగు. ఆ చూపు ఆమె అరచేతిలోంచి దూరిపోయి ఎక్కడో ఒడ్డు మీద ఆగింది.

"ఎల్మీ? ఉన్నావా?"

అతని ఊపిరి ఆమె మణికట్టుకు తగులుతోంది.

ఎల్మీనా తలెత్తితే ముందువైపు మేకల మధ్య టైటస్ నిలబడి చూస్తున్నాడు. వద్దు అన్నట్టు తలూపాడు. ఆమె వెనక్కి వెనక్కి అడుగులేసి, కుంపటి దగ్గరికి వచ్చాక, "ఉన్నాను, ఎక్కడికి పోతాను," అని మామూలు గొంతుతో అంది. టీ గిన్నె దించి, టైటస్ దగ్గరికి వెళ్లింది.

"ఎన్నాళ్ల నుంచి మామా?"

"మెల్లగా మాట్లాడు. ఓడకు గోడల్లేవు."

"ఎన్నాళ్ల నుంచి?"

టైటస్ గడ్డిపరక ఒకటి నోట్లో పెట్టుకుని నమిలాడు. "ముందు పక్కచూపు పోయింది. అప్పట్లో నవ్వుకునేవాళ్లం, పక్కనొచ్చి నిలబడితే ఉలిక్కిపడేవాడు. తర్వాత ఎదురుచూపూ సన్నబడిపోయింది. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే."

"మరి నువ్వు పాడే పాట?"

"పాటేంటే పిచ్చిమొహమా. పాడితే ఎవడూ అనుమానపడడు. పక్క ఓడల వాళ్లు టైటస్‌కి రమ్ము ఎక్కువైందనుకుంటారు. నేను చుక్క ముట్టి ఎన్నేళ్లయిందో ఆ దేవుడికి తెలుసు. పరువు పోయింది, గొంతూ పోయింది."

ఎల్మీనాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి రెండూ ఆగిపోయాయి. "డాక్టరుకి చూపించలేదా?"

"సెయింట్ జార్జెస్‌ రేవులో కంటి డాక్టరున్నాడు. వాడి గుమ్మం ముందు నుంచే కదా మొన్న రాయిని మోసుకొచ్చాం. లోపలికి రమ్మంటే రాడు. వాళ్లమ్మ కల్లోకొచ్చి కంచం అడిగిందట. ఇన్నేళ్లు రాయి నిలపలేదు, కంచం పెట్టలేదు, అందుకే కళ్లు పట్టుకుందట. ఆదివారం రాయి నిలిపి, మేకను కోసి, పెద్దలకు కంచం పెడితే సోమవారానికి వదిలేస్తుందట."

"నువ్వు నమ్ముతున్నావా?"

"ఆవిడ నాకు అక్కే. బతికున్నన్నాళ్లు ఎవరి కళ్లూ పట్టుకోలేదు. ఆకలేస్తే అడిగి పెట్టించుకుని తినేది." ముసలాయన గడ్డిపరక ఊసేశాడు. "అయినా నాకెందుకు, నమ్మితే నమ్మాడని ఇన్నాళ్లూ వాడికి కళ్లు అరువిచ్చాను. ఇప్పుడు అవీ అరిగిపోయాయి అమ్మాయ్. నిన్న దూరంగా ఉన్న రాయిని చూసి ఓడనుకున్నాను. చెయ్యి ఊపాను. పలకరించాను కూడా. ఎంత పొగరు, తిరిగి ఊపడేంటి అనుకున్నాను."

ఆ మాటకు వేరే రోజైతే ఎల్మీనా పొట్ట పట్టుకుని నవ్వేది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు మామా?"

"చెప్తే చేసుకుందువా?"

ఆమె నోరు తెరిచేలోపే వెనకనుంచి రాయ్ గొంతు, నిదానంగా, టీ అడిగినట్టు వినిపించింది.

"గుడ్డివాణ్ణని చెప్పావు, సరే. చెవిటివాణ్ణని కూడా చెప్పావా మామా?"

మేకలు కూడా నమలడం ఆపాయి. టైటస్ లేచి, నడుం పట్టుకుని వెనక్కి నడిచాడు. ఎల్మీనా వెంట వెళ్లింది.

"విన్నావు కదా, మంచిది, రెండోసారి చెప్పే పని తప్పింది," అన్నాడు టైటస్. "ఓడ తిప్పు నాయనా. గాలి మనకు అనుకూలం, సాయంత్రంలోగా సెయింట్ జార్జెస్‌లో ఉంటాం. డాక్టరుకి చూపిద్దాం."

"ఆదివారం విందు."

"రాయి ఇంకో వారం ఆగుతుంది."

"రాయి ఆగుతుంది. ఆవిడ ఆగదు." రాయ్ పలక అంచు పట్టుకున్నాడు. "ఊరంతా కందులు వలుచుకుని కూర్చున్నారు. సంకటికి మొక్కజొన్న విసిరారు. డప్పులు బిగించారు. రాయి లేకుండా నేను ఏ మొహం పెట్టుకుని ఒడ్డు దిగను?"

"ఆ మొహం పగలకుండా ఉంటే ఏదో ఒకటి పెట్టుకుని దిగొచ్చు. మధ్యలో జెన్నీ ఉంది, ఓడల్ని మింగే చోటు. మీ నాన్న కూడా రెండు కళ్లూ పెట్టుకుని, నోట్లో ప్రార్థన పెట్టుకుని దాటేవాడు."

"నువ్వున్నావుగా."

"నేను లేను. నిన్న రాయిని పలకరించినవాణ్ణి ఇవాళ నిన్ను దాటించలేను. నా వల్ల కాదు, ఇంక దారి చెప్పే కూత పెట్టను."

ఎల్మీనా మాట్లాడింది. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది.

"రాయ్. నా మొహం ఎలా ఉంటుంది?"

రాయ్ నుదుటి గుడ్డ సర్దుకున్నాడు.

"చెప్పు. పెళ్లామే కదా."

"గుండ్రంగా ఉంటుంది. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు ఉంది."

"అది చేత్తో చూసింది. కళ్లతో?"

చాప పైన కొట్టుకుంటూనే ఉంది. "షెడ్డు గుమ్మంలో నువ్వు నిలబడినప్పుడు వెనక వెలుగుంది," అన్నాడు రాయ్. "పొడుగ్గా ఒక నీడ కనబడింది. నీడ పాడుతోంది. నాకది చాలనిపించింది."

"నన్ను తెచ్చుకున్నది వంటకా, కాపరానికా, మామ గొంతు పోయాక కూతపెట్టడానికా?"

అబద్ధం ఆడితే బాగుండేది. ఆడవాళ్లం అప్పుడప్పుడు అబద్ధం కోసమే అడుగుతాం. రాయ్ మాత్రం బాగా ఆలోచించి, "మూడింటికీ," అన్నాడు.

టైటస్ తల పట్టుకున్నాడు. ఓడ పక్కన కట్టిన చిన్న పడవలోకి దిగి తెడ్లు అందుకున్నాడు. "దీవిలో మా పిన్ని కొడుకులున్నారు. నలుగుర్ని తీసుకొస్తాను. నలుగురు పట్టుకుంటే ఆగుతావో లేదో చూస్తాను. అమ్మాయ్, నువ్వూ దిగు."

ఎల్మీనా కిందికి చూసింది. పడవకూ ఓడకూ మధ్య నీళ్లు నోరు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. ఆమెకు ఈత రాదు. అయినా ఆగిపోయింది నీళ్లకు భయపడి కాదు. పలక మీద కూర్చున్న మనిషి ఆమె ఏమంటుందోనని తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. అలా వినేవాణ్ణి ఒంటరిగా వదిలి వెళ్లడం ఆమెకు చేతకాలేదు.

"నువ్వెళ్లి రా మామా. ఇక్కడ ఒకరుండాలి."

తెడ్ల చప్పుడు సన్నబడింది. రాయ్ లేచి, మేకలను చూసొస్తానని ముందువైపు వెళ్లాడు. తాడు తాకుతూ, అంచు తాకుతూ.

"ఎల్మీ, మామ ఒడ్డు చేరాడా?"

"చేరాడు. పడవను ఇసుక మీదికి లాగుతున్నాడు."

తాను మొదటి కూత పెట్టేసిందని ఆమెకు అప్పుడు తట్టలేదు. కత్తి తాడును కోస్తున్న చప్పుడు విన్నాక తట్టింది. పరుగెత్తి అతని చెయ్యి పట్టుకునేసరికి లంగరు తాడు తెగి, పాములా జారి నీళ్లలోకి వెళ్లిపోయింది. ఆరబెట్టిన చాప ఒక్కసారి పొట్ట నింపుకుంది. ఓడ ఒక పక్కకు ఒరిగింది. మేకలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"చుక్కాని," అన్నాడు రాయ్, ఆమెను తోసుకుంటూ వెనక్కి. గుడ్డివాడని ఇప్పుడే తెలిసిన మనిషి, ఒక్క అడుగు తడబడలేదు.

ఒడ్డు మీద టైటస్ వెనక్కి తిరిగి చూశాడు. చేతులు ఊపుతున్నాడు. పడవను మళ్లీ నీళ్లలోకి తోస్తున్నాడు, తోయలేకపోతున్నాడు. ఎల్మీనా అరవడానికి నోరు తెరిచింది. అరిస్తే దీవిలో మనుషులకు వినబడేది, ఇంకా అంత దూరం పోలేదు.

"అరిచెయ్," అన్నాడు రాయ్. "వాళ్లొస్తారు, దించుతారు. పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెడతారు. కోళ్లు కాళ్ల మీద తిరుగుతుంటాయి. ఓడను ఎవడికో ఇచ్చేస్తారు, వాడు పేరు మారుస్తాడు. నువ్వు చెంచాతో తినిపిస్తావు. అరిచెయ్ ఎల్మీ, నేనేమీ అనుకోను."

ఆమె నోరు మూసుకుంది. ఎందుకు మూసుకున్నావని తర్వాత ఎవరడిగినా ఆమె సరిగ్గా చెప్పలేకపోయేది. జాలి కొంత, కోపం కొంత. ఆ చేతుల్లో ఓడ అంత తేలిగ్గా తిరుగుతుంటే చూడ్డంలో ఉన్న మోజు కూడా కొంత.

"ఏం కనబడుతోంది?" అన్నాడు.

"అక్కడ ఒక పెద్ద రాయి."

"అక్కడంటే ఎక్కడ? సముద్రంలో అక్కడనే ఊరు లేదు."

"ఇటువైపు. అంటే... నీ కుడిచేతి పక్కన. బోడిగా, నిటారుగా ఉంది. చుట్టూ తెల్లగా నురగ."

"మంచిది. ఇంకా?"

అలా మొదలైంది. దీవి చాటు దాటగానే సముద్రం మొహం మారింది. కెరటాలు వరసలుగా కాదు, సంతలో జనంలాగా ఏ పక్క నుంచి పడితే ఆ పక్క నుంచి తోసుకొచ్చాయి. నీళ్లు ఓడ మీదికెక్కి కుంపటిని ఆర్పేశాయి. పొద్దుటి టీ గిన్నె ఎటో కొట్టుకుపోయింది. ఎల్మీనా ఒక చేత్తో తాడు, ఒక చేత్తో మొగుడి భుజం పట్టుకుని కూత పెట్టింది. ఎడమచేతి పక్కన ఎత్తుగా ఒకటి వస్తోంది. పోయింది. కుడిచేతి పక్కన రెండు కలిసి వస్తున్నాయి. రాయ్ చుక్కానిని వెంట్రుకవాసి తిప్పేవాడు, ఓడ ఆ కెరటం భుజమెక్కి దిగేది. "అలా చెప్పు. అలాగే," అనేవాడు. కాసేపటికి ఆమె గొంతు కుదురుకుంది. భయం పోలేదు గానీ భయం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది, షెడ్డులో తాను ఏరిన బుట్టకు పేరొచ్చిన రోజున ఉండేలాంటిది. నేను చెబుతున్నాను, ఓడ వింటోంది అనుకుంది.

మేకలు మాత్రం దారుణంగా అరుస్తున్నాయి. ఒకటి కాలు విరిగినట్టు పడిపోయింది. కింద గదిలో రాయి కదిలి ఏదో చెక్కను గుద్దుతోంది, ఎవరో తలుపు తడుతున్నట్టు, మళ్లీ మళ్లీ. అది విన్నప్పుడల్లా రాయ్ పెదాలు కదిలేవి.

కాస్త నెమ్మది దారి దొరికితే బాగుండునని ఆమె కళ్లు వెతికాయి. దొరికింది.

"కొంచెం ఎడమకు పోనీ రాయ్. ఆఁ, ఇంకొంచెం."

అతను పోనిచ్చాడు. ఇంకా కొంచెం అంది, ఇంకా పోనిచ్చాడు. కెరటాలు చిన్నవయ్యాయి. మేకల అరుపు తగ్గింది. కింద తలుపు తట్టడం ఆగింది. ఎల్మీనా గట్టిగా ఊపిరి వదిలి, మొహం మీద నీళ్లు తుడుచుకుంది.

రాయ్ తల ఒక పక్కకు వంచాడు. "కెరటాల చప్పుడేది?"

"లేవుగా. మంచి చోటు చూసి తీసుకొచ్చాను. ముందంతా నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఒక్క అల లేదు."

చుక్కాని మీద అతని వేళ్లు బిగిశాయి.

"నీళ్ల రంగేమిటి?"

"రంగా? నీలం కాదు. మన కోకో టీలాగా... కొంచెం పచ్చగా కూడా ఉంది."

"పక్షులు?"

ఆమె చుట్టూ చూసింది. పొద్దుటి నుంచి వెంట వస్తున్న పక్షులు దూరంగా, ఆ నున్నటి చోటుకు అవతలే తిరుగుతున్నాయి. ఇటు ఒక్కటీ రావడం లేదు. "లేవు."

"ఉడుకుతున్నట్టుందా?"

"అంచుల్లో బుడగలు వస్తున్నాయి. గంజి ఉడికినట్టు. ఏదో వాసన కూడా, కుళ్లిన గుడ్డు వాసన. మేకలదేమో అనుకున్నా."

రాయ్ మొహంలో నెత్తురు లేదు. "ఎంతసేపటి నుంచి నన్ను ఇటు తిప్పుతున్నావు?"

"నెమ్మదిగా ఉందని... మేకలు పడిపోతున్నాయని..."

"కెరటాలున్నచోట ఓడ బతుకుతుంది ఎల్మీ. ఇది జెన్నీ. నీళ్ల అడుగున నిప్పుకొండ ఊపిరి వదులుతోంది. గాలి కలిసిన నీళ్లు ఓడని మొయ్యవు." గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిట్టినా ఆమెకు అంత భయం వేసేది కాదు. "ఎంత దూరంలో ఉంది దాని అంచు? తొందరగా చెప్పు, తిప్పుతాను."

ఎంత దూరం? సముద్రం మీద దూరం చెప్పడం ఆమెకు ఎవరు నేర్పారు? ముందుకు చూసింది. కోకో రంగు నీళ్లు. పక్కకు చూసింది. అవే. వెనక్కి తిరిగింది. ఓడ గీసిన నురగ చార కొంత దూరం దాకా ఉండి, అక్కడ నున్నటి నీళ్లలో కరిగిపోయింది. నీలం నీళ్లు దానికి ఎంతో అవతల ఉన్నాయి.

"అంచు వెనకాల ఉంది రాయ్," అంది. "దాటి వచ్చేశాం."

రాయ్ ఒంటి బలమంతా వేసి చుక్కానిని తోశాడు. ఓడ తిరగలేదు. పైన చాప ఒకసారి ముడుచుకుని, గాలి లేక, దండెం మీది బట్టలా వేలాడింది. మేకలన్నీ ఒకేసారి లేచి నిలబడి, ఒకే వైపు చూస్తూ, చప్పుడు చేయకుండా వణుకుతున్నాయి.

ఎల్మీనా అంచు పట్టుకుని కిందికి వంగింది. రోజూ అక్కడి నుంచే బాల్చీతో నీళ్లు తోడేది, చెయ్యి పూర్తిగా చాచినా అందేవి కాదు, తాడు కట్టి వదలాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమె వేలాడుతున్న చేతి వేళ్లకు వేడి నీళ్లు తగిలాయి. చూస్తుండగానే మణికట్టు దాకా వచ్చాయి.

"రాయ్, నీళ్లు పైకొస్తున్నాయి."

"సముద్రం పైకి రాదు ఎల్మీ," అన్నాడు రాయ్, ఆమె చేతికోసం గాలిలో వెతుకుతూ. "మనమే దిగుతున్నాం."